ముందు గేజి, తర్వాతే పానా

కొర్వెట్టు డాష్‌బోర్డులో నాలుగు చక్రాల గాలీ నాలుగు అంకెలుగా కనిపిస్తుంది. 2016 వేసవిలో షార్జాలో మా గ్యారేజీకి వచ్చిన వెండిరంగు 2008 మోడలు బండిలో మూడే అంకెలున్నాయి. వెనక ఎడమ చక్రం దగ్గర అంకెకి బదులు గీతలు. ఉండి ఉండి ‘సర్వీస్ టైర్ మానిటర్ సిస్టమ్’ అని హెచ్చరిక. బండి ఓనరు అక్కడి కుర్రాడు. ఇంజను వేసినప్పుడల్లా అది రావడం, తను బటన్ నొక్కి పోగొట్టడం, ఏడాదిగా ఇదే వరస అట.

ఆ బండికి స్టెప్నీ ఉండదు తమ్ముడూ. కంపెనీ వేసి పంపేవి రన్‌ఫ్లాట్ టైర్లు. గాలి మొత్తం పోయినా పక్కగోడలు గట్టిగా నిలబడి కొంతదూరం బండిని మోస్తాయి. సుఖమే, కానీ పంచరైన సంగతి స్టీరింగ్ పట్టుకున్నవాడికి తెలియదు. ఎవరో ఒకరు చెప్పాలి కదా! అందుకే అమెరికాలో కార్లన్నిటికీ ఈ సెన్సార్లు ఉండాలని 2007 సెప్టెంబరులో రూలు పూర్తిగా అమలుకి రాకముందే, 1997 మోడలు నుంచే కొర్వెట్టుకి ఇవి ఉన్నాయి. ఆ కుర్రాడు నొక్కి నోరు మూయిస్తున్నది కాపలావాణ్ణి.

నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ టైర్ల దగ్గర పని నేర్చినవాణ్ణి. మా మేస్త్రి టైరు మీద సుత్తితో ఒక్కటి వేసి, మోత విని గాలి ఎంతుందో చెప్పేవాడు. తర్వాత గేజి పెట్టి చూస్తే రెండు మూడు పౌండ్ల తేడా ఉండేది, అంతే. 2009లో షార్జా ఇండస్ట్రియల్ ఏరియాకి వచ్చాక ఆశాన్ చేతికింద పడ్డాను. మలయాళంలో ఆశాన్ అంటే గురువు. ఆయన అసలు పేరు గ్యారేజీలో ఎవరూ పలికేవాళ్ళు కాదు. ఆయన చదువంతా మూడు ముక్కలు: ముందు గేజి, తర్వాత టూలు, ఆ తర్వాతే పానా. ఈ వరస తప్పిన ప్రతిసారీ నా జేబుకి చిల్లు పడింది.

గేజి ఎందుకంటావా? లైటు వెలిగిందంటే ముందు గాలి తగ్గిందేమో చూడాలి, సెన్సారు చచ్చిందని తీర్పు తర్వాత. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడితే సుమారు ఒక పౌండు గాలి తగ్గుతుంది. ఆగస్టు ఎండలో సరిచేయించిన టైరుకి జనవరి తెల్లవారుజామున నాలుగైదు పౌండ్లు తక్కువుంటాయి. దానికితోడు నెలనెలా కొంత దానంతటదే పోతుంది. చలికాలం మొదట్లో ‘సెన్సారు పోయింది’ అంటూ వచ్చే బండ్లలో చాలావాటికి ఉచితంగా గాలిపెట్టి పంపేవాళ్ళం. కొర్వెట్టుకి నాలుగింటికీ 30 పౌండ్లు, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు. ఎండలో నడిచొచ్చిన టైరుకి గేజి పెట్టి, ఎక్కువుందని గాలి తీసేవాడు పనివాడు కాదు.

గేజి అయ్యాక టూలు. సెన్సారు రిమ్ము లోపల, వాల్వు మొదట్లో బిగించి ఉంటుంది. బండి ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ మిగుల్చుకోవడానికి నిద్రపోతుంది, చక్రం తిరిగితే లేస్తుంది. మన టూలుని వాల్వు పక్కన టైరుకి ఆనించి బటన్ నొక్కితే 125 కిలోహెర్ట్జ్ తట్టు ఒకటి వెళుతుంది. బతికున్న సెన్సారు తన నంబరు, గాలి, వేడి చెబుతుంది, కొన్నయితే బ్యాటరీ స్థితి కూడా చెబుతాయి. ఆ వెండి బండికి మూడు పలికాయి. వెనక ఎడమది ఎంత తట్టినా పలకలేదు. పలికిన మూడింట్లో రెండు బ్యాటరీ తక్కువని చెప్పేశాయి. ఎనిమిదేళ్ళ బండి, గల్ఫు ఎండలు. మామూలుగా ఏడు నుంచి పదేళ్ళు వాటి ఆయుష్షు.

ఇక్కడ ఒక చిట్కా. నాలుగుకి నాలుగూ గీతలే చూపిస్తుంటే సెన్సార్ల జోలికి పోకముందు తాళం రిమోటు దూరం నుంచి నొక్కి చూడు. ఈ బండిలో రిమోటు మాటా, సెన్సార్ల మాటా వినే రిసీవరు ఒకటే. రిమోటు పనిచేస్తే బండి చెవి బాగున్నట్టే. ఇంకో బండికి చెవీ బాగుంది, సెన్సార్లూ బాగున్నాయి, అయినా దారిలో గీతలొచ్చేవి. రెండు రోజులు కొట్టుకున్నాను. ఆశాన్ లోపల కూర్చుని, సిగరెట్టు సాకెట్లో గుచ్చిన చవక ఫోను ఛార్జరు పీకి నా చేతిలో పెట్టాడు. అంకెలు నాలుగూ వచ్చేశాయి. దాని రొదలో బండికి సెన్సార్ల మాట వినపడలేదన్నమాట.

‘బ్యాటరీయే కదా, మార్చేస్తే పోలా?’ అని నీకూ అనిపిస్తుంది. నాకూ అనిపించింది. బ్యాటరీని గట్టి జిగురులో పోతపోసి ఉంచుతారు. ఒక శుక్రవారం గదిలో కూర్చుని బ్లేడుతో ఆ జిగురంతా గీకి, కొత్త బిళ్ళ టంకం పెట్టి, పైన ఎపాక్సీ పోశాను. పలికింది! ఆ సంబరం మూడు వారాలు. చక్రం తిరుగుడుకి ఎక్కడో టంకం ఊడి మళ్ళీ గీతలు. పోసిన ఎపాక్సీ బరువుకి బ్యాలెన్సింగు కూడా తేడా వచ్చింది. టైరు ఊడదీసి ఎక్కించిన కూలి లెక్కేస్తే కొత్త సెన్సారు చవక. ఒకటి చచ్చి మిగతావి అదే వయసులో ఉంటే నాలుగూ ఒకేసారి మార్చమని ఓనరుకి చెప్పు. కుదిరితే టైర్లు మార్చే రోజునే. ఆ కుర్రాడికి టైర్లూ అరిగిపోయి ఉన్నాయి కాబట్టి వెంటనే ఒప్పుకున్నాడు.

అసలు తప్పు అప్పుడే చేశాను. పాత సెన్సారు ఒకటి జేబులో వేసుకుని విడిభాగాల దుకాణానికి వెళ్ళి, పక్కపక్కన పెట్టి చూసి, అచ్చు ఇలాంటివే అని నాలుగు కొన్నాను. ఆకారం అదే, వాల్వు అదే, నట్టు సైజూ అదే. టైర్లు ఎక్కించి, బ్యాలెన్సు చేసి, నా టూలుతో తట్టితే నాలుగూ పలికాయి. ఇంకేం కావాలి? బండి మాత్రం ఒక్కదాన్నీ గుర్తుపట్టలేదు. ఎమిరేట్స్ రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు తిప్పినా నాలుగుచోట్లా గీతలే. పోయినప్పుడు ఒకటి, బాగుచేశాక నాలుగు! ఆశాన్ ఏమీ అనలేదు. అట్టపెట్టె తెచ్చి, దాని మీది చిన్న అక్షరాల మీద వేలు పెట్టాడు. 433 మెగాహెర్ట్జ్. యూరప్ బండ్లకి సరిపోయేవి. మనది అమెరికా నుంచి వచ్చిన బండి, దానికి 315 కావాలి. నా టూలుకి రెండు భాషలూ వచ్చు, బండికి ఒకటే వచ్చు. నాలుగు టైర్లూ మళ్ళీ ఊడదీసి, ఆ రాత్రి కూలి లేకుండా చేశాను. సెన్సారుని కంటితో కాదు, నంబరుతో కొనాలి.

ఊడదీయడం గురించి నిదానంగా చెబుతాను, డబ్బు పోయేది అక్కడే. కొర్వెట్టుకి జాకీ ఎక్కడబడితే అక్కడ పెట్టకు. పైతొడుగు రేకు కాదు, ఫైబరు. ఛాసిస్ అంచుల్లో ఉన్న గాట్లలో బిళ్ళ దూర్చి, దానికింద జాకీ పెట్టాలి. చక్రం ఊడొచ్చాక ముందు వాల్వు పిన్ను తీసి గాలంతా వదులు. టైరు మెషీను పారతో బీడు నొక్కేటప్పుడు వాల్వు పారకి సరిగ్గా ఎదురుగా, అవతలి అంచున ఉండాలి. పార సెన్సారు పక్కకొచ్చిందంటే పటుక్కుమనే చప్పుడు ఒకటే, అంతే సంగతులు. రన్‌ఫ్లాట్ గోడ మొండిది, మామూలు టైరులా వంగదు. సబ్బునీళ్ళు రెండు వైపులా దండిగా పట్టించు. బీడు ఎత్తేటప్పుడు మెషీను తల గడియారంలో పన్నెండు దగ్గరుంటే వాల్వు ఒంటిగంట దగ్గర ఉంచి తిప్పు. లివరు మొన సెన్సారు మీదికి రాకూడదు. చేతికి బరువు తగిలితే ఆపు, వెనక్కి తిప్పు. బలం వాడేవాడు సెన్సారు విరగ్గొడతాడు, సబ్బు వాడేవాడు భోజనానికి వేళకి వెళతాడు. ఇది ఆటోనగర్ మేస్త్రి మాట. ఆయన సెన్సారు అనలేదు, ట్యూబు అన్నాడు.

కొత్త సెన్సారు బిగించేటప్పుడు రిమ్ము కన్నం శుభ్రంగా తుడిచి, రబ్బరు వాషరు కొత్తది వేసి, నట్టుని చిన్న టార్కు పానాతోనే బిగించు. ఆ సెన్సారు కంపెనీ చెప్పినంతే. చాలావాటికి 4 నుంచి 8 న్యూటన్ మీటర్ల మధ్యే, వేళ్ళ బలం కంటే కాస్త ఎక్కువ. చక్రం నట్లకి 140 వాడే చేత్తో దీన్ని పట్టుకుంటే కాడ తెగుతుంది.

వాల్వు పిన్ను సంగతి మరిచిపోకు. కాడ అల్యూమినియం అయితే నికెల్ పూత పిన్నే వేయాలి. కొత్తలో డబ్బాలో చేతికందిన ఇత్తడి పిన్ను ఒక పాత స్పోర్ట్స్ కారుకి వేసి పంపాను. ఇత్తడీ అల్యూమినియమూ కలిసిన చోట సముద్రపు తేమ తోడైతే అల్యూమినియం తినేసుకుపోయి రెండూ కరుచుకుపోతాయి. ఏడాది తిరక్కుండానే బండి వచ్చింది. పిన్ను తిప్పబోతే కాడ మొత్తం నా పటకారులోకి వచ్చేసింది. ఆ సెన్సారు డబ్బు నా జీతంలోంచే పోయింది.

సరైన సెన్సార్లు వచ్చాక ఇక బండికి నేర్పాలి. నేర్చుకునే మోడులో పెట్టి, ముందు ఎడమ, ముందు కుడి, వెనక కుడి, వెనక ఎడమ, ఇదీ వరస. ఒక్కోదాన్ని తట్టగానే బండి ఒక హారన్ కొట్టి ‘విన్నాను’ అంటుంది. మొదటిదానికి రెండు నిమిషాలు, మొత్తానికి ఐదు నిమిషాలు గడువు. టూలు లేకపోతే పది సెకన్లు గాలి వదిలినా సెన్సారు లేచి పలుకుతుంది. ఈ సంగతి తెలిసీ మూడో హారన్ నేను తట్టకముందే మోగితే ఎగిరి గంతేశాను. ఓనరు లోపల కూర్చుని, వెనక కుడి చక్రంలో 45 పౌండ్లు చూపిస్తోందన్నాడు. గేజి పెడితే 30. బండి గేటు దాటగానే అక్కడ గీతలు, వెనక్కి తెస్తే మళ్ళీ 45. ఏమైందంటే, పక్క బేలో మా హెల్పరు అదే కంపెనీ పికప్‌కి గాలి కొడుతున్నాడు. గాలి మారగానే దాని సెన్సారు లేచి అరిచింది, మన బండి అదే తన చక్రమనుకుంది. అప్పట్నుంచీ నేర్పేటప్పుడు పక్కన ఎవరినీ గాలి గొట్టం ముట్టుకోనివ్వను.

బండిని ఖాళీ స్థలంలోకి తోసుకెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాం. నాలుగు హారన్లు, నాలుగు ముప్పైలు. ఆశాన్ నమ్మలేదు, తన గేజి తీసి నాలుగింటికీ పెట్టి చూశాకే తలూపాడు. అంతకుముందు ఒక రిమ్ము లోపల పెయింటు పెన్నుతో తేదీ నేను రాశాను, ఆయన పక్కన మలయాళంలో పొడి అక్షరం పెట్టాడు.

2024లో అదే బండి వేరే ఓనరు చేతుల్లో వచ్చింది. రెండుచోట్ల గీతలు. ఆశాన్ అప్పటికి ఊరెళ్ళిపోయాడు. జగిత్యాల కుర్రాడు నా దగ్గర పని నేర్చుకుంటున్నాడు. టైరు ఎత్తి, “అన్నా, లోపల ఎవరో రాసిండ్రు” అన్నాడు. ఫోటో తీసి ఆశాన్‌కి వాట్సాప్‌లో పంపాను. ఎనిమిదేళ్ళు ఆడాయని గొప్పగా నాలుగు మాటలు కూడా రాశాను. గంట తర్వాత జవాబు వచ్చింది.

“ఈసారి పిన్ను ఏది వేస్తున్నావ్?”