డయల్ మీద పోసిన రెండు వేలు

"ఆ పాత మొహం చూసి ఎవడు కొంటాడ్రా? డయల్ కొత్తగా వేయించు, రేటు డబులవుతుంది." బావ అన్న ఈ మాట నాకింకా మింగుడు పడలేదు.

పాత సామాన్ల సంత జుమ్మేరాత్ బజార్లో ఒకే రకం యూరోపా ట్రావెల్ అలారం గడియారాలు రెండు దొరికితే చెరిసగం వేసుకుని కొన్నాం. జర్మనీ సరుకు. తోలు పెట్టెలోకి మడిచేసే రకం. ఒక్కోటి 1,600. విప్పి కడిగి నూనె వేయించడానికి ఒక్కోదానికి 600. మొత్తం 4,400. అక్కడితో ఆగాల్సింది.

నేను వద్దని మొత్తుకుంటున్నా వినకుండా బావ ఒకదాన్ని పట్టుకెళ్ళి డయల్‌కి 900, అంచుకి బంగారు పూత 700, పెట్టెకి కొత్త రెక్సిన్ 400 పెట్టాడు. రెండోదాన్ని నేను బీరువాలో పెట్టి తాళం వేశాను.

రెండేళ్ళకి రెండిటినీ ఒకే పాత గడియారాల కలెక్టర్ ముందుంచాం. ఆయన భూతద్దం కంటికి పెట్టుకుని ముందు అంకెలే చూశాడు. ఫ్యాక్టరీ అచ్చు అంచులు బ్లేడుతో కోసినట్టుంటాయి. బావదాంట్లో 7 తోక లావెక్కింది, ముళ్ళు గోధుమరంగు, అంకెల పక్క చుక్కలేమో పచ్చిగా కొత్తవి. నాదాంట్లో రెండూ ఒకే తీరున ముదిరాయి. ముళ్ళూ చుక్కలూ చీకట్లో వెలగడానికి వేసే పూతల్లో 1960ల దాకా రేడియం వాడేవారు. మెరుపు చచ్చినా రేడియం పోదు, దాని అర్ధాయువు 1,600 ఏళ్ళు. అలాంటి పూతను గీకితే లేచే పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుందని బావ డయల్ వేసిన పనివాడికి చెప్పినవాళ్ళెవరు?

నాది 4,800కి పోయింది. ఖర్చు 2,200, లాభం 2,600. బావది 1,700కే పోయింది. ఖర్చు 4,200, నష్టం 2,500. రెండూ కలిపి 6,400 పెడితే చేతికొచ్చింది 6,500. మిగులు వంద, తలా యాభై. ముందు పెట్టిన 4,400ని ఆరున్నర శాతం ఎఫ్‌డీలో పడేసినా 590 వచ్చేది.

రెండోదాన్నీ ముట్టుకోకుండా ఉంటే 4,400కి 9,600, మిగులు 5,200. అంటే బావ సలహా ఖరీదు 5,100. అందులో రిపేరు బిల్లులు రెండు వేలే. మిగతా 3,100 ఆ చెరిపేసిన మొహానిది. అది ఏ బిల్లులోనూ కనపడదు కాబట్టి బావ ఇప్పటికీ ఒప్పుకోడు, అచ్చు సరిగా పడలేదంటాడు.

ఉమ్మడి కొనుగోళ్ళు మానేశాను. కీ తిప్పితే స్ప్రింగు జారకూడదు, అలారం మోగాలి, డయల్ మీద ఎవరి చెయ్యీ పడి ఉండకూడదు. ఈ మూడూ చూశాకే బేరమాడతాను. తోలు పీచులేచినా పట్టించుకోను.