బండి పీల్చే గాలి

ఫిబ్రవరిలో గుంటూరు మిర్చి యార్డు పక్కనుంచి వెళ్లాలంటే కారు అద్దాలు ఎంత బిగించినా లాభం ఉండదు. తేజ, 341 రకాల మిర్చి టిక్కీలు లారీల్లోంచి దిగుతుంటాయి, ఘాటు మనకంటే ముందే సీట్లో కూర్చుని ఉంటుంది. అక్కణ్ణుంచి చిలకలూరిపేట, పర్చూరు మీదుగా ఇంకొల్లు వైపు సాగితే, చలికాలమంతా జిన్నింగ్ మిల్లుల చుట్టుపక్కల తుమ్మచెట్లకు దూది పింజలు వేలాడుతుంటాయి. ఇక మా పొలం డొంకలోకి దిగామా, రేగడి దుమ్ము. వానాకాలం చెప్పులు ఊడబెరికే ఆ మట్టే ఎండాకాలం మైదాపిండిలా లేస్తుంది. ఇంజిన్‌కి అసలు శత్రువు అదే. మిరప పొట్టు, దూది పెద్ద పెద్ద నలుసులు, ఏ ఫిల్టరైనా ఆపుతుంది. ఈ మట్టిలోని సన్నటి ఇసుక రేణువులు లోపలికి పోతేనే సిలిండర్ గోడల్ని ఆకురాయిలా రాస్తాయి.

హైబ్రిడ్ కారు కొన్న కొత్తలో మా బావమరిది ఒక పెట్టె తెచ్చి చేతిలో పెట్టాడు.

"బావా, ఆ కాగితం ఫిల్టరు తీసి అవతల పారేయ్. ఇది కడుక్కుని వాడుకునేది. జన్మకి ఒక్కటి చాలు. పికప్ పెరుగుద్ది, మైలేజీ పెరుగుద్ది."

విప్పి చూశాక ముచ్చటేసింది. రెండు అల్యూమినియం జాలీల మధ్య మడతలు మడతలుగా పెట్టిన పల్చటి నూలుగుడ్డ, దానికి ఎర్రటి నూనె. అంటే పత్తే! ఈ రకానికి పేరు తెచ్చిన కె అండ్ ఎన్ 1969లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో మొదలైంది. మోటార్ సైకిళ్ల పందేల వాళ్లకి గాలి ధారాళంగా కావాలి, దుమ్మూ ఆగాలి. అందుకే నేత పల్చగా ఉంచి, పోగులకు నూనె పట్టించారు, దుమ్ము నూనెకు అంటుకుంటుందని. యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్లు మొహానికి తడిగుడ్డ కట్టుకునేది కూడా ఈ లెక్కనే.

మా నాన్న ట్రాక్టరుకీ నూనె ఫిల్టరే ఉండేది. గాలి వచ్చి గిన్నెలోని నూనెకు కొట్టుకునేది, దుమ్ము అక్కడే దిగబడేది. దుక్కుల రోజుల్లో నాన్న పొద్దున్నే ఆ గిన్నె విప్పి, అడుగున పేరుకున్న నల్లటి బురద వంచేసి, డీజిల్‌తో కడిగి, గీత దాకా కొత్త నూనె పోసేవాడు. ఒక్క రోజు కూడా మానలేదు. కాబట్టి కడిగి వాడుకునే ఫిల్టరంటే నాకు చిన్నచూపు లేదు. కానీ అది పనిచేసింది నాన్న రోజూ కడిగాడు కాబట్టి.

బావమరిది చెప్పిన మైలేజీ సంగతి మాత్రం లెక్క వేసి చూడాల్సిందే. కిలో పెట్రోలు సరిగ్గా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. అంటే లీటరు పెట్రోలుకి దాదాపు 9 ఘనపు మీటర్ల గాలి. లీటరుకి 14 కిలోమీటర్లు వచ్చే బండి 10,000 కిలోమీటర్లకు 6,400 ఘనపు మీటర్ల గాలి పీలిస్తే, 22 వచ్చే హైబ్రిడ్ 4,100తో సరిపెట్టుకుంటుంది. గుంటూరు బ్రాడీపేట సందుల్లో నడిచేటప్పుడు చాలాసేపు ఇంజిన్ ఆగే ఉంటుంది, మోటారే లాగుతుంది. ఇంత తక్కువ గాలి పీల్చే బండికి ఇంకా ధారాళమైన దారి తెరిచి ఏం ఒరుగుతుంది? పైగా చాలా హైబ్రిడ్ ఇంజిన్లు అట్కిన్సన్ పద్ధతిలో నడుస్తాయి. లోపలికి తీసుకున్న గాలిలో కొంత, ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకోవడంవల్ల, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. పొదుపు కోసం కావాలనే అలా చేశారు.

అమెరికాలో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ఇదే సంగతి పరీక్షించింది. ఫిల్టరు బాగా మూసుకుపోయినా, కంప్యూటర్‌తో నడిచే ఇంజెక్షన్ బండ్లలో మైలేజీ చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. గాలి ఎంత వస్తే పెట్రోలు అంతే కొలిచి పోస్తుంది కంప్యూటరు. తగ్గింది పికప్ మాత్రమే. మూసుకుపోయిన ఫిల్టరుతోనే మైలేజీ పడిపోనప్పుడు, శుభ్రమైన కాగితం తీసేసి నూలు పెడితే పెరిగేదెక్కడ?

అయినా బావమరిది మనసు నొప్పించలేక బిగించాను. ఒక మిరప సీజనంతా నడిచింది. ఏప్రిల్‌లో షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ ఫిల్టరు ఊడదీసి, దాని అవతల, ఇంజిన్ వైపు గొట్టంలో తెల్లగుడ్డ పెట్టి తిప్పాడు. గుడ్డకు బూడిదరంగు చార పడింది. వేలితో రాస్తే గరగర.

"ఇది లోపలికి పోయిందేనండి. చూడండి, ఈ మూల రబ్బరు అంచు సరిగ్గా కూర్చోలేదు. గుడ్డ ఎంత మంచిదైతే ఏం లాభం?"

దానికి నేను ఏమీ అనలేకపోయాను. తర్వాత అతను ఇంకోటి కూడా చెప్పాడు. కడిగాక నూనె ఎక్కువ పోస్తే, ఆ తుంపర వెళ్లి గాలిని కొలిచే సన్నటి వేడి తీగ మీద పేరుకునే ప్రమాదం ఉంది, కొలత తప్పితే ఇంజిన్ లైటు వెలుగుతుంది. తక్కువ పోస్తే దుమ్ము ఆగదు. కడిగినప్పుడల్లా నీడన పూర్తిగా ఆరేదాకా బండి తియ్యకూడదు.

ఫిల్టర్ల పరీక్షకు ఐఎస్ఓ 5011 అని ఒక ప్రమాణం ఉంది. గాలి ఎంత సులువుగా పోయిందన్నదీ, దుమ్ము ఎంత ఆగిందన్నదీ అందులో వేరువేరుగా కొలుస్తారు. అమ్మేవాళ్లు మొదటిదాని గురించే ఎక్కువ మాట్లాడతారు. రేగడి దారుల్లో తిరిగేవాడు రెండోది అడగాలి. నా వరకు లెక్క తేలిపోయింది. కాగితం ఫిల్టరు అయిదారు వందలు. నూలుది దానికి పదింతలు, కడిగే మందూ నూనే అదనం. ఏడాదికొక కాగితం మార్చినా పదేళ్లకు గానీ ఆ డబ్బు సమానం కాదు. తారు రోడ్డుకి 40,000 కిలోమీటర్లకు మార్చమని బండి పుస్తకంలో ఉన్నా, మా డొంకకి అంత గడువు ఇవ్వను. ఎయిర్ గన్‌తో ఊది మళ్లీ పెట్టడమూ మానేశాను. ఆ గాలి దెబ్బకు కాగితం ఎక్కడ సూదిమొనంత చిరిగినా కంటికి కనపడదు.

నూలు ఫిల్టరు కడిగే మందుకీ నూనెకీ అయ్యే డబ్బుతో ఏసీ ఫిల్టరు రెండుసార్లు మార్చాను. మన ఊపిరితిత్తులకు విడిభాగాలు దొరకవు. జిన్నింగ్ మిల్లుల్లో ఏళ్ల తరబడి దూది ధూళి పీల్చినవాళ్లకు బైసినోసిస్ అనే జబ్బు రావచ్చు, వారాంతపు సెలవు తర్వాత పనిలోకి వచ్చిన రోజు ఛాతీ పట్టేసినట్లు ఉండటంతో మొదలవుతుంది. కారుకి ఏ ఫిల్టరు మేలని ఇన్నాళ్లు ఆరా తీసినవాణ్ణి, ఆ మిల్లుల ముందునుంచి వెళ్తూ లోపలివాళ్ల మొహాలకు ఏం ఉందో అడగాలని ఒక్కసారీ అనుకోలేదు. ఈసారి ఆగాను. గేటు దగ్గర కనిపించిన ఆడవాళ్లకు చీర చెంగులే ఉన్నాయి.

హైబ్రిడ్‌లో ఎవరూ చెప్పని గాలిదారి ఇంకొకటుంది. చాలా బండ్లలో పెద్ద బ్యాటరీని చల్లబరచడానికి చిన్న ఫ్యాను లోపలి గాలినే లాక్కుంటుంది. వెనక సీటు దగ్గర జాలీలా ఉంటుంది దాని మూతి. నా బండిలో దాన్ని విప్పితే దూది పింజలు కంబళిలా పరుచుకుని ఉన్నాయి. గాలాడకపోతే బ్యాటరీ వేడెక్కుతుంది, కంప్యూటరు దాని వాడకం తగ్గిస్తుంది, ఆ భారం పెట్రోలు మీద పడుతుంది. మైలేజీ దాక్కున్నది ఇక్కడ. మెత్తటి బ్రష్షుతో అయిదు నిమిషాల పని.

మొన్న ఇంకొల్లునుంచి వస్తుంటే అమ్మ, వెనక సీట్లో, గోంగూర సంచి సరిగ్గా ఆ జాలీకి ఆనించి పెట్టింది.

"అమ్మా, దానికి గాలాడాలి."

"అయ్యో, దీనిక్కూడానా" అని సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. గుంటూరు వచ్చేదాకా దించలేదు.