రెండు గంటలకు మొదలయ్యే ఆదివారం

ఆ హాస్టల్లో ఆదివారం చికెన్ కూర ఒంటిగంటకు వడ్డిస్తారు. లా ఎంట్రన్స్‌కు చదువుతున్న పద్నాలుగు మంది అమ్మాయిలకు మాత్రం పన్నెండింటికే. వార్డెన్ మేడమ్‌ను బతిమాలి ఒప్పించుకున్నారు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికి వాళ్లు రాసే క్లాట్ పరీక్ష మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా జరుగుతుంది. తిన్న వెంటనే పేపర్ ముందు కూర్చుంటే కునుకు ఎలా వస్తుందో మొదటి మాక్ టెస్ట్‌లోనే వాళ్లకు తెలిసొచ్చింది.

మేడ్చల్ జిల్లాలోని ఈ గురుకుల జూనియర్ కళాశాలకు నేను చేరేసరికి బెంచీలు దూరం దూరంగా జరిపి ఉన్నాయి. ఒక్కో బెంచీ మీద ఓఎంఆర్ షీట్ జిరాక్సు, పెన్ను. అందరూ ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలే. కొందరిది హెచ్‌ఈసీ, మిగిలినవాళ్లది సీఈసీ. పాఠం చెప్పడానికి బస్సులో వచ్చే న్యాయ విద్యార్థినిని అందరూ ‘అక్కా’ అనే పిలుస్తారు. మూడేళ్ల కిందటి దాకా ఆమె ఉన్నదీ ఇలాంటి హాస్టల్లోనే.

సీనియర్లు ఇలా చేయి అందించే పద్ధతికి దేశంలో ఒక చరిత్ర ఉంది. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో పేద పిల్లలు, పల్లె పిల్లలు కనబడటం లేదని బాధపడి, న్యాయశాస్త్ర ఆచార్యుడు షమ్నాద్ బషీర్ 2010లో ‘ఇడియా’ను ప్రారంభించారు. అందులో లా విద్యార్థులే అలాంటి పిల్లల్ని వెతికి పట్టుకుని క్లాట్‌కు తయారుచేస్తారు. 2019లో బషీర్ చనిపోయారు. ఆ పని మాత్రం సాగుతూనే ఉంది.

క్లాట్ పరీక్షలో 120 ప్రశ్నలు, 120 నిమిషాలు. ప్రశ్నకో నిమిషం ఉంది కదా అనిపిస్తుంది. కానీ 2020 నుంచి ప్రశ్నలన్నీ ప్యాసేజ్‌ల మీదే వస్తున్నాయి. ఒక్కోటి 450 పదాల దాకా ఉండొచ్చు. చదవడం, ఆలోచించడం, వృత్తం నింపడం, అన్నీ ఆ నిమిషంలోనే. నాలుగు తప్పులు చేస్తే ఒక మార్కు పోతుంది. పదో తరగతితో లెక్కలు వదిలేసిన ఈ పిల్లలు పర్సంటేజీలకు భయపడతారని ఊహించాను. కానీ లెక్కలవి పదీ పన్నెండు ప్రశ్నలే కదా అని వాళ్లు ఆ భాగాన్ని తేలిగ్గానే తీసుకుంటున్నారు. వాళ్ల దిగులంతా చదివే వేగం గురించే.

‘అక్కా, రెండుసార్లు సదివితేనే అర్థమైతది. గప్పటికి టైమ్ అయిపోతది,’ అంది కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి. ఆమె మార్కులు గోడమీది చార్టులో ఉన్నాయి. మొదటి మాక్‌లో 61 రాస్తే 38 ఒప్పు, 23 తప్పు. మిగిలింది 32.25. నాలుగో మాక్‌లో 88 రాసి 62 ఒప్పు తెచ్చుకుంది, తప్పులు పోను 55.5. ఈ మధ్యలో ఆమె కొత్తగా బట్టీ పట్టిందేమీ లేదు. రోజూ ఇంగ్లిష్ పేపర్లో సంపాదకీయం ఒకటి గడియారం పెట్టుకుని చదివింది, అంతే.

ఆ రోజు మాక్‌కు ముందు లీగల్ రీజనింగ్ పాఠం నడిచింది. మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదు అన్నది సూత్రం. పదిహేడేళ్ల కుర్రాడు వయసు దాచి వాయిదాల మీద ఫోన్ కొని డబ్బు ఎగ్గొట్టాడు. ఒప్పందం ప్రకారం దుకాణదారు వసూలు చేసుకోగలడా? తరగతి గోలగోల అయింది. ‘అబద్ధం చెప్పిండు గదా అక్కా, కట్టాలె!’ అక్క వాళ్లను అరవనిచ్చింది. తర్వాత 1903 నాటి మోహరీ బీబీ కేసు చెప్పింది. ధర్మోదాస్ ఘోష్ మైనర్‌గా ఉండగా 20,000 రూపాయలకు ఆస్తి తాకట్టు పెట్టాడు. ఆ తాకట్టు చెల్లదని ప్రివీ కౌన్సిల్ తీర్పిచ్చింది. ‘మనకేది న్యాయం అనిపిస్తుందో కాసేపు పక్కన పెట్టండమ్మా. ఇచ్చిన సూత్రం ఏం చెబుతుందో చూడండి.’ ఈ విభాగానికి ముందుగా చట్టం తెలిసి ఉండనక్కర్లేదు. సూత్రాన్ని సంఘటనకు అన్వయించే నేర్పు ఉంటే చాలు. ఆ నేర్పు ఈ గదిలో పుష్కలంగా ఉంది. తెలుగులో వాదిస్తున్నప్పుడు స్పష్టంగా కనిపించింది కూడా.

నాకు కష్టం కలిగించింది ఇదే. మన రాష్ట్రం పెట్టే లా ప్రవేశ పరీక్ష లాసెట్‌లోనూ 120 ప్రశ్నలే, అందులో 60 న్యాయశాస్త్ర అభిరుచిని పరీక్షించేవే. ఆ పేపర్ తెలుగులోనూ ఉంటుంది. క్లాట్ మాత్రం ఇంగ్లిష్‌లోనే. ప్రాంతీయ భాషల్లోనూ పెట్టాలని 2023లో ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం పడినప్పుడు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సైతం ఆ ఆలోచనను సమర్థించింది. హైకోర్టుల్లో, సుప్రీంకోర్టులో వ్యవహారం చాలావరకు ఇంగ్లిష్‌లోనే కదా అనేవారున్నారు. నిజమే. కానీ ఆ ఇంగ్లిష్ నేర్పడానికి అయిదేళ్ల కోర్సు ఉంది. గేటు దగ్గరే దాన్ని అడగడం ఈ పిల్లలకు అన్యాయమని నా నమ్మకం. పైగా క్లాట్ దరఖాస్తు రుసుము ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కూడా 3,500 రూపాయలు. ఇక్కడ లెక్చరర్లు తలా కొంత వేసుకుని కట్టారు.

నాలుగైంది. అక్క షీట్లు తీసుకుంది. కిటికీ పక్క అమ్మాయి షీట్ ఇచ్చేసింది గానీ ప్రశ్నపత్రం వదల్లేదు. నదీజలాల ప్యాసేజ్ సగంలో ఆగిపోయిందట. వరండా మెట్ల మీద కూర్చుని, పెదాలు కదపకుండా, చివరి పేరా దాకా చదివింది. తర్వాత గడియారం చూడటానికి లోపలికి వెళ్లింది.