జనగామనుండి భూపాలపల్లికి

క్షేత్రములను గూర్చి వ్రాయువారు పెక్కండ్రు గలరు. త్రోవను గూర్చి వ్రాయువారు తక్కువ. మోటారుసైకిలు వెనుక ఒకప్రక్కకు తిరిగి కూర్చుండి పయనించు స్త్రీల నడుములను గూర్చి వ్రాసినవారిని మేమింతవరకు చూడలేదు. కావున మేమే పూనుకొంటిమి.

మా తల్లిగారు భూపాలపల్లిలో ఒంటరిగా నున్నారు. నెలకొకమారు, రెండవ శనివారపు సెలవున, పోయి చూచి రావలెను. మధ్యమార్గమున మహబూబాబాదులో మా యాడుబిడ్డ యిల్లు గలదు. గడచిన వర్షములకు త్రోవ చెడి, మా నడుమునొప్పి ముదిరి, వైద్యుడు బండి మానుమనెను. బస్సులో నిలువబడి పోవుట అంతకన్న కష్టము. బండి మానినచో అమ్మను చూచుట మానినట్లే.

మా యూరి మరమ్మతుదారుడొకడు వెనుక స్ప్రింగుల క్రింది కట్టును కడపటి గాటువరకు బిగించి, ఇక పూలరథమే యనెను. ఆ మాట నమ్మి బయలుదేరితిమి. రథమెట్లున్నను, ప్రతి గుంతకును మా వెన్నెముక తల కెక్కినట్లయ్యెను. సోమనాథుని పాలకుర్తి దాటి బమ్మెరలో దిగితిమి. చిన్ననాడు తండ్రిగారియెదుట కూర్చుండి భాగవతము చదువుకొన్న మాకు పోతన గారి యూరు కంట పడిన పులకరము కలుగవలసినదే. నిజము చెప్పవలెనన్న, ఆనాడు భక్తికంటె బండి దిగితిమన్న సంతోషమే యెక్కువ.

తొర్రూరు దాటి, జనులు మానుకోట యని పిలుచు మహబూబాబాదు చేరునప్పటికి మేము నిలువలేకపోతిమి. ఆడుబిడ్డ మమ్ము పరుండబెట్టి, వీధి చివరనున్న మెకానిక్కును పిలిపించెను. అతడు వెనుక సీటును రెండు చేతులతో నొక్కి విడిచెను. బండి నాలుగైదుమారులు ఊగెను.

"ఇండ్ల ఆయిలే లేదు సారూ. ఒట్టి స్ప్రింగే ఎగురుతున్నది. బిగిస్తే ఏమొస్తది?" అనెను.

అతడు చెప్పినదానిని, మావారు పిమ్మట విడమరచినదానిని కలిపి వ్రాయుచున్నాము. షాకప్పులో పనులు రెండు. గుంత దెబ్బను స్ప్రింగు మ్రింగును. మ్రింగినదానిని మరల మనపైకి విసరకుండ లోపలి నూనె సన్నని రంధ్రములగుండ నెమ్మదిగా పారుచు అణచును. సీలు చినిగి నూనె కారిపోయినచో రెండవ పని లేదు. కట్టు బిగించుటవలన స్ప్రింగు గట్టిపడదు. బండి వెనుకభాగము పైకి లేచును, అంతే. మితిమీరి బిగించినచో గుంతలోనికి చక్రము దిగుటకు చోటు చాలక మరింత కొట్టును. నూనె నురుగు కట్టకుండ నత్రజని వాయువు నింపిన షాకప్పులను జతగా వేయించితిమి. ఒక్కటి మార్చుట పనికిరాదట. ఖరీదు విని మావారు మొగము చిట్లించిరి. ఆడుబిడ్డ నా వైద్యుని ఖర్చు లెక్కకట్టి చెప్పగా మౌనము వహించిరి.

తరువాతిది మాకు మిక్కిలి నచ్చెను. ఆడుబిడ్డ కుట్టుపని కొలతపట్టీ తెచ్చినది. వెనుక చక్రము గాలిలో వ్రేలాడునట్లు స్టాండు వేసి, ఇరుసునుండి సీటు క్రిందివరకు ఒకమారు కొలిచిరి. మేమిద్దరము కూర్చున్నప్పుడు మరియొకమారు. తేడా షాకప్పు మొత్తము కదలికలో నాలుగవవంతునుండి మూడవవంతువరకు ఉండవలెను. అందుకు తగినట్లు గాటు పెట్టిరి. టైరులో గాలి కూడ హెచ్చుగా నుండగా తగ్గించిరి. చీర చక్రమున చిక్కకుండు కవచము, చేతిపిడి, పాదపీఠము 1989 నాటి మోటారు వాహన నియమములే విధించినవి. అందఱు వానిని చూచుకొనవలెను. ఇద్దరకును హెల్మెట్టు వలయునని వేరుగ చెప్పనక్కరలేదు.

పూర్వము బండ్లకు వెనుక ఈ సుఖము లేనేలేదు. చక్రము చట్రమునకే బిగింపబడి, సీటు క్రింది స్ప్రింగులే దిక్కు. బులెట్టు బండి 1949లో వెనుక షాకప్పులతో ఇంగ్లండున వెలువడినది. మదరాసున దాని తయారీకి 1955లో సంస్థ యేర్పడినది.

మరునాడు నర్సంపేట, మల్లంపల్లి, ములుగు మీదుగా పోయితిమి. గుంతలు మాయమైనవి కావు; మాకు తెలియుచునే యున్నవి, గాని యొక్కసారి తెలిసి ఊరకుండుచున్నవి. పాలంపేటలో రామప్పగుడి చూచితిమి. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన యీ గుడి పునాది క్రింద ఇసుకను నింపిరి. నేల కదలినను ఆ ఇసుక దెబ్బను మెత్తన చేయునని చెప్పుదురు. 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు వచ్చినది. మావారు గుడి మెట్లపై నిలిచి, "ఇదియు షాకప్పే" యనిరి. మేము బదులు పలుకలేదు, శిల్పమును చూచుచుంటిమి.

గణపురము కోటగుళ్లు దాటినపిమ్మట బొగ్గు లారీలు మొదలైనవి. సింగరేణి గనుల ఊరు గనుక దారి నల్లగా, గతుకులుగా నున్నది. అయినను భూపాలపల్లిలో ఒకరి చేయూత లేకయే దిగితిమి. అమ్మ మా నడక చూచి, ఏమియు అడుగకయే, పీట వాల్చినది.

మేమచట నాలుగు దినములుండ నిశ్చయించితిమి, మావారొక్కరే మరలవలెను. ఇద్దరకు పెట్టిన గాటు ఒక్కరికి బిరుసగును గనుక, వాకిట కూర్చుండి కొక్కెపు పానాతో రెండు గాట్లు వదులు చేయుచుండిరి. అమ్మ గుమ్మములోనుండి చూచి, "అల్లుడుగారు బండికి కీలిచ్చుచున్నారా యేమి?" అని మెల్లగా మమ్మడిగినది.