ఎవరు బేగి? ఎవరు ఇంకా బేగి?

అక్కలకు, చెల్లెళ్ళకు ఒక మాట.

రాత్రి స్టడీ అవర్లో నాలుగో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెప్పే పని నాకు వచ్చింది. పాఠం ఫాస్ట్, ఫాస్టర్, ఫాస్టెస్ట్. పని ఎలా చేశారో చెప్పే మాటను యాడ్వర్బ్ అంటారు, తెలుగులో క్రియా విశేషణం. చిన్నపిల్లలకు రెండు పేర్లూ కష్టమే. అందుకని ముందు మన మాటలో చెప్పాను. బేగి నడిచింది. దానికన్నా బేగి నడిచింది. అందరికన్నా బేగి నడిచింది. మనకు 'బేగి' మారదు, ముందు 'కన్నా' వచ్చి నిలబడుతుంది. ఇంగ్లీషులో మాటకే తోక వస్తుంది. ఇద్దరిని పోలిస్తే ఫాస్టర్. ముగ్గురు, అంతకన్నా ఎక్కువ మంది ఉంటే ఫాస్టెస్ట్. స్లోలీ లాంటి మాటలకు తోక పెట్టరు, ముందు మోర్, మోస్ట్ పెడతారు. వెల్ అయితే వేషమే మార్చేస్తుంది: వెల్, బెటర్, బెస్ట్.

ఇంకో చిక్కు ఉంది. 'బేగి లేచింది' అన్నా, 'బేగి నడిచింది' అన్నా మనకు ఒకటే మాట. ఇంగ్లీషులో లేవడానికి ఎర్లీ, నడవడానికి ఫాస్ట్. ఎర్లీ చివర 'లీ' ఉన్నా ఎర్లియర్, ఎర్లియెస్ట్ అనే అంటారు.

పిల్లలు వాక్యాలు చెబుతున్నారు. ఒక పిల్ల లేచి, పక్కనున్న పాపను చూపించి, "ఇది మోస్ట్ స్లోలీ చదువుతాది అక్కా" అంది. అందరూ నవ్వేరు. ఆ పాపది బొర్రా గుహల దగ్గర ఊరు. ఇంట్లో కువి మాట్లాడతారు. తెలుగు ఇక్కడికొచ్చాక నేర్చుకుంది, ఇంగ్లీషు మూడో భాష. ఆదివారం నాన్న వస్తే ఇంటికెళ్ళిపోతానని అప్పటికే చెబుతోంది. మా ఇంట్లో కూడా బడికి వచ్చింది నేనే మొదలు. ఆ నవ్వు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నేను బోర్డు మీద 'చదువుతాది' తుడిచి 'అడ్డాకులు కుడతాది' అని రాశాను. ఇప్పుడు ఎవరు ఫాస్టెస్ట్ అని అడిగాను. అందరూ ఆ పాపనే చూపించారు. చూశారా, ఈ మాట పనికి తగులుకుంటాది, మనిషికి కాదు, పని మారితే వరస మారిపోతాది అన్నాను.

మర్నాడు ఆ పాపే మూడు వాక్యాలు తెచ్చింది. గూడ్సు బండి ఘాటు మెల్లగా ఎక్కుతాది. నత్త ఇంకా మెల్లగా నడుస్తాది. గుహలో రాయి అన్నిటికన్నా మెల్లగా పెరుగుతాది. నిజమే. సున్నపురాయిలోంచి నీటి చుక్క దిగి, కొంచెం కొంచెం సున్నం వదిలితే ఆ రాయి పెరుగుతుంది. దానికి వేల ఏళ్ళు పడుతుంది. దాన్ని చూడ్డానికే ఎక్కడెక్కడి వాళ్ళో రైలెక్కి వస్తారు.

ఆదివారం వాళ్ళ నాన్న వచ్చారు. పాప వెళ్ళలేదు. ఇప్పుడూ మెల్లగానే చదువుతాది, కాని పోయిన నెలకన్నా బేగి.

అక్కలారా, చెల్లెళ్ళారా, ఎవరినైనా 'అందరికన్నా' అనేముందు ఏ పనిలో అని అడగండి.

– 9వ తరగతి విద్యార్థిని