ఆబ్లిటరేట్: సొంత వాక్యంలో రాయండి

మూడో సెమిస్టర్‌లో మాకు ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ మొదలైంది. వెర్బల్ క్లాసులో సార్ బోర్డు మీద ఐదు క్రియలు రాశారు: డిస్ట్రాయ్, డెవాస్టేట్, డెసిమేట్, అనైహిలేట్, ఆబ్లిటరేట్. ఒక్కోదానికి ఒక సొంత వాక్యం, పది నిమిషాల టైమ్.

ఇవేవీ మనకు కొత్త మాటలు కాదు. గేమ్‌లో అవతలి టీమ్‌ని అనైహిలేట్ చేస్తాం. మిడ్స్ మనల్ని డిస్ట్రాయ్ చేస్తాయి. అన్నిటికీ ఒకటే అర్థం అనుకుని వాడేస్తాం: మొత్తం పోయింది, అంతే. నేను ఆబ్లిటరేట్‌కి రాసిన వాక్యం తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది: "1565లో జరిగిన తళ్లికోట యుద్ధం విజయనగర సామ్రాజ్యాన్ని ఆబ్లిటరేట్ చేసింది." సార్ టిక్ పెట్టి, పక్కన గుడ్ అని కూడా రాశారు. ఆ గుడ్‌ని రెండు రోజులు తలచుకుని మురిసిపోయా.

దసరా సెలవులకు హిందూపురం వచ్చి, అక్కణ్ణుంచి ధర్మవరం రైలెక్కా. ధర్మవరం మా అమ్మ పుట్టిల్లు. దారిలో పెనుకొండ వస్తుంది. చిన్నప్పటి నుంచి కిటికీలోంచి ఆ కొండనీ, కొండ మీది కోట గోడనీ చూస్తూనే ఉన్నా. ఈసారి మాత్రం చూడగానే నా వాక్యం గుర్తొచ్చింది, కొంచెం సిగ్గేసింది. ఎందుకంటే 1565 తర్వాత ఆ సామ్రాజ్యం వచ్చి కూర్చున్నది ఇక్కడే. యుద్ధంలో అళియ రామరాయలు చనిపోయాక ఆయన తమ్ముడు తిరుమలరాయలు పెనుకొండకు వచ్చి, ఇక్కణ్ణుంచే ఏలాడు. తర్వాత రాజధాని చంద్రగిరికి, ఆ తర్వాత వేలూరుకు మారింది. 1639లో మద్రాసు దగ్గర ఇంగ్లీషు కంపెనీకి స్థలం ఇచ్చిన దామెర్ల నాయకుడు కూడా పేరుకు ఆ విజయనగర రాజు కింది వాడే. అంటే నేను "ఆబ్లిటరేట్" చేసేసిన డెబ్బై ఏళ్ల తర్వాత కూడా ఆ సామ్రాజ్యం పేరు చెల్లుతోంది. ధ్వంసమైంది హంపీ నగరం. నేనేమో క్రియ కరెక్టుగా పట్టుకుని, కర్మ తప్పు రాశా. సార్‌ది హిస్టరీ కాదు కాబట్టి బతికిపోయా.

రైల్లో నెట్ వచ్చినప్పుడల్లా ఆ ఐదు మాటల పుట్టుక వెతికా. డెసిమేట్ అంటే అసలు పదిమందిలో ఒకణ్ణి చంపడం, రోమన్ సైన్యంలో శిక్ష. మిగతా తొమ్మిది మందీ బతికే ఉంటారు! అనైహిలేట్‌లో ఉన్నది 'నిహిల్', అంటే ఏమీ లేకపోవడం. ఆబ్లిటరేట్‌లో ఉన్నది 'లిటెరా', అంటే అక్షరం. మన క్లబ్ పేరులోని లిటరరీ కూడా అక్కణ్ణుంచి వచ్చిందే. రాసిన అక్షరాలను కొట్టేయడం, చెరిపేయడం: ఆ మాట అసలు పని అదీ. పోస్టాఫీసులో స్టాంపు మళ్లీ వాడకుండా దాని మీద నల్లగా ముద్ర కొడతారు కదా, దాన్నీ ఇంగ్లీషులో ఆబ్లిటరేషన్ అనే అంటారు. అందుకే ఆ క్రియ జ్ఞాపకం, అడుగుజాడ, గుర్తు లాంటి మాటలతో బాగా కుదురుతుంది. బిల్డింగ్ కూలితే డెమాలిష్. అక్కడొక బిల్డింగ్ ఉండేదని కూడా తెలియకుండా పోతే ఆబ్లిటరేట్.

మనవాళ్లకు ఇది వేరే రకంగా అర్థమవుతుంది. ఫైల్ డిలీట్ చేస్తే సాధారణంగా డేటా వెంటనే పోదు. అది ఎక్కడుందో చెప్పే ఎంట్రీ మాత్రమే పోతుంది. దాని మీద ఇంకేదో రాసినప్పుడే అసలు పోవడం.

ధర్మవరంలో అవ్వ ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం రెండైంది. భోంచేసి మధ్య గదిలో చాప వేసుకుని పడుకున్నా. వీపు కింద నేల ఒకచోట నున్నగా, ఒకచోట గరుకుగా తగిలింది. చాప తీసి చూస్తే నల్ల బండల మధ్య సిమెంటు చదరం ఒకటి, ఇంచుమించు తలుపంత.

"అవ్వా, ఇక్కడే కదా తాత మగ్గం గుంత ఉండింది?"

"ఆ, ఆడనే పాపా. పూడ్చి రెండేండ్లాయ. తేళ్లు దూరుతాండాయని మీ మామ సిమెంటు పోసినాడు."

తాత ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని, చెక్కలు తొక్కుతూ, నాడె విసురుతూ నలభై ఏళ్లు పట్టుచీరలు నేశాడు. మరమగ్గాల చీరలు వచ్చాక కూలి గిట్టలేదు. జరీ అంచున్న పట్టుచీర చేతిమగ్గం మీదే నేయాలని 1985 నాటి చట్టం ఒకటి ఉంది. ధర్మవరంలో ఏ వీధిలో నిలబడినా మరమగ్గం చప్పుడు వినబడుతుంది, దాని గురించి నేను ఇంక చెప్పక్కర్లేదు. తాతకు కళ్లు కూడా తగ్గాయి. మగ్గం ఆగింది. తర్వాత తాతా పోయాడు.

ఆ సిమెంటు చదరం చూస్తుంటే ఇంకోటి గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పలేదు దీన్ని.

మగ్గం మీద జాకార్డు పెట్టె ఉండేది, దానికి అట్టల దండ. ఒక్కో అట్టకు రంధ్రాలు. రంధ్రం ఉన్నచోట పడుగు దారం లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్కో పేకకు ఒక్కో అట్ట. ఫస్టియర్‌లో కంప్యూటర్ చరిత్ర చెప్తూ మేడమ్ 1804 నాటి జాకార్డు మగ్గం బొమ్మ చూపించి, పంచ్‌కార్డులకు మూలం ఇదే అన్నప్పుడు, నాకు ఇది మా ఇంట్లో ఉండేదని చెయ్యెత్తి చెప్పాలనిపించింది. చెప్పలేదు. చెప్తే, ఇప్పుడెక్కడుంది అని అడుగుతారు.

నాకు పదకొండేళ్లప్పుడు మామ అటక ఖాళీ చేశాడు. పాత సామాన్ల బండి వీధిలోకి వచ్చింది. అట్టల కట్టలు బండి దాకా మోసింది నేనూ, మా మామ కొడుకూ. అందులో ఒక కట్ట తాత సొంత డిజైను: మామిడి పిందె, దాని తోక వెనక్కి తిరిగి పక్క పిందెను పట్టుకుంటుంది. తూకానికి వచ్చిన చిల్లరతో ఇద్దరం ఐసులు కొనుక్కున్నాం. తాత అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. వద్దనలేదు. ఒక్క మాటే అన్నాడు: "దారం ఇప్పొద్దు పాపా, వరస పోతాది."

పాత సామాన్లకు పోతున్న అట్టలకు వరస ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు రోజూ కోడ్ రాస్తున్నా కాబట్టి అర్థమవుతుంది. అర్థమైనప్పటి నుంచి బాగాలేదు.

అవ్వకు ఈ సంగతి గుర్తుందో లేదో అని, తాత డిజైను ఇప్పుడు ఎక్కడైనా ఉందా అని అడిగా. ఆమె పెళ్లి తర్వాత తాత నేసిచ్చిన చీర ఉండాలి. "పాత జరీ కొనేటోళ్లకు ఇచ్చేస్తి. మీ అమ్మ కాన్పుకు దుడ్లు లేకపాయ" అంది. ఆ కాన్పులో పుట్టింది నేనే. చీరని కాల్చి వెండి తీసుకుంటారు వాళ్లు.

నేను నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు తప్పితే ఎడిటర్ అక్క దిద్దాలి. అయినా ఆ సాయంత్రం ఆబ్లిటరేట్‌కి తెలుగు మాట వెతుక్కున్నా. నాశనం, ధ్వంసం, నేలమట్టం: ఏవీ కుదరలేదు, అన్నిట్లోనూ ఏదో పెద్ద చప్పుడు ఉంది. 'నామరూపాల్లేకుండా' కొంచెం దగ్గరగా వచ్చింది. పక్కింటి పిల్ల పలక పట్టుకుని అవ్వ దగ్గర కూర్చుని అఆలు దిద్దుతోంది. "అది తప్పు, చెరిపి మళ్లీ రాయి" అంది అవ్వ. చెరపడం! పలక మీది అక్షరాన్నీ చెరుపుతాం. చెరపకురా చెడేవు అన్నప్పుడు మనిషి బతుకునీ చెరుపుతాం. లాటిన్ వాళ్లు అక్షరంతో మొదలుపెట్టి నాశనం దాకా వెళ్లిన దారిలోనే మన క్రియ కూడా నడుస్తోంది. డిక్షనరీ యాప్‌లో మాత్రం "నిర్మూలించు" అని ఉంది. అది మొక్కలకు బాగుంటుంది.

హిందూపురం తిరిగొచ్చాక అమ్మకు అంతా చెప్పా, ఐసుల సంగతితో సహా. అమ్మ ఏమీ అనకుండా బీరువా అడుగు నుంచి తన చిన్నప్పటి పట్టుపావడ తీసింది. ముదురాకుపచ్చ రంగు, అంచులో పిందెలు, తోక వెనక్కి తిరిగి.

ఇప్పుడు శనివారాలు అదే పని. ఫోన్ కెమెరాతో జూమ్ చేసి, జరీ పైకి ఉంటే 1, లేకపోతే 0, స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో పేకకు ఒక్కో వరస. ఇప్పటికి 64 వరసలు అయ్యాయి. ఏళ్ల తరబడి మడతపెట్టిన చోట జరీ విరిగిపోయి ఏడు వరసలు అసలు కనిపించడం లేదు. అక్కడ సున్నాలు పెట్టబోతే అమ్మ ఆపింది.

"సున్నా ఎందుకే, అక్కడ మీ తాత ఏదో ఒకటి నేసే ఉంటాడు కదా. ఖాళీగా వదిలెయ్."

వదిలేశా.