అప్పటికప్పుడు ఆర్వీలో కొండలకు

ఆర్వీలో, అంటే ఇల్లులాంటి బండిలో, కొండలకు వెళ్లే కుటుంబ యాత్రను ఆరు నెలల ముందు అనుకునేవాళ్లు మొదట చూడాల్సిన చోట్లు రాసుకుంటారు. తర్వాత దారి, ఆ తర్వాత బండి, ఆఖరున రాత్రి మకాం. పది రోజుల ముందు అనుకున్నవాళ్లు కూడా ఇదే వరస పట్టుకుంటే రెండు మూడు సాయంత్రాలు వెతికి, విసిగి, ప్రయాణమే మానుకుంటారు. ఆలస్యంగా మొదలైన యాత్రకు వరస తిరగబడాలి. ముందు రాత్రి బండి నిలిపే చోటు దొరకాలి. ఆ చోటుకు సరిపడే బండి తర్వాత. ఆ బండి వెళ్లగలిగే దారి ఆ తర్వాత. చూడాల్సినవి వాటిని బట్టి తేలతాయి.

ఉదాహరణకు అమెరికాలోని కొలరాడోలో, డెన్వర్ దగ్గర కాపురముంటున్న తెలుగు దంపతులు, ఇద్దరు పిల్లలు, వేసవికని ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు, జూలైలో నాలుగు రోజుల సెలవు. ఇలాంటి ఇంటికి అందుబాటులో ఉన్న కొండలు రాకీ మౌంటెన్ నేషనల్ పార్కువి. 1915లో ఏర్పడిన ఈ పార్కుకు తూర్పు వాకిలి ఎస్టెస్ పార్క్ అనే ఊరు. అది డెన్వర్ నుంచి సుమారు 70 మైళ్లు. ఆఖరి నిమిషం యాత్రకు ఇంత దగ్గరుండడమే పెద్ద వసతి. యెల్లోస్టోన్, గ్లేసియర్ లాంటి పేర్లు ఎంత ఊరించినా రానుపోను రెండు రోజులు రోడ్డు మీదే గడుస్తాయి. ఆ యాత్ర పిల్లలకు బండి కిటికీగా, పెద్దవాళ్లకు నడుం నొప్పిగా మిగులుతుంది.

మకాం వెతకడంలో తెలుసుకోవలసిన కీలకం రద్దుల సంగతి. పార్కులోపలి క్యాంప్‌గ్రౌండ్లు, మొరైన్ పార్క్, గ్లేసియర్ బేసిన్, ఆస్పెన్‌గ్లెన్ వంటివి, రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వేదికలో ఆరు నెలల ముందే బుకింగుకు వస్తాయి, వేసవి శనాదివారాలు వెంటనే అయిపోతాయి. అయిపోయినవి అలాగే ఉండిపోవు. చేరాల్సిన రోజుకు ముందు రోజు గానీ అదే రోజు గానీ రద్దు చేసుకుంటే రుసుముతో పాటు మొదటి రాత్రి అద్దె కూడా పోతుంది. అందుకని వెళ్లలేనివాళ్లు రెండు మూడు రోజుల ముందే వదిలేసుకుంటారు. ఖాళీ అయితే కబురు పంపమని అదే వేదికలో పెట్టుకోవచ్చు. ఆదివారం నుంచి గురువారం మధ్య రాత్రులు అడిగితే దొరికే అవకాశం ఎక్కువ. నాలుగు రోజులూ ఒకే చోట కావాలని పట్టుబట్టకుండా ఒకటి రెండు రాత్రులుగా విడగొట్టి అడిగితే ఇంకా ఎక్కువ.

పార్కు లోపల దొరక్కపోతే బయట మూడు దారులున్నాయి. కొలరాడో స్టేట్ పార్కుల్లో చేరే రోజు వరకూ బుకింగు తీసుకుంటారు. డెన్వర్‌కు 30 మైళ్ల దూరంలోని గోల్డెన్ గేట్ కాన్యన్‌లో రెవరెండ్స్ రిడ్జ్ క్యాంప్‌గ్రౌండుకు కరెంటు వసతి కూడా ఉంది. నేషనల్ పార్కు చుట్టూ ఉన్న అరపాహో, రూజ్వెల్ట్ నేషనల్ ఫారెస్ట్‌లో ముందు వచ్చినవాళ్లకు ముందు అనే పద్ధతి నడిచే చోట్లున్నాయి. అక్కడికి వారం మధ్యలో, పొద్దున్నే, ఖాళీ చేసేవాళ్లు ఇంకా సర్దుకుంటుండగానే చేరాలి. అడవిలో ఏ వసతీ లేకుండా ఉచితంగా బండి నిలుపుకునే అనుమతి కూడా ఉంటుంది, సాధారణంగా 14 రోజుల పరిమితితో. అయితే నీళ్లు, కరెంటు, ఫోను సిగ్నలు ఏవీ ఉండని ఆ చోటు మొదటిసారి ఆర్వీ ఎక్కే కుటుంబానికి, అందులోనూ పెద్దవాళ్లు తోడున్నప్పుడు తగదు. వాళ్లకు తగినది మూడో దారి. 1962లో మోంటానాలోని బిల్లింగ్స్‌లో మొదలైన కేఓఏ లాంటి ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్లు అద్దె ఎక్కువ తీసుకుంటాయి, కానీ నీళ్లు, కరెంటు, స్నానాల గదులు ఇస్తాయి. మొదటి రాత్రి అక్కడ గడిపితే బండిలో ఏ మీట ఎక్కడుందో వెలుతురులో, హడావిడి లేకుండా నేర్చుకోవచ్చు.

మకాం దొరికినంత మాత్రాన పార్కులో తిరగడానికి అనుమతి ఉన్నట్టు కాదు. ఇటీవలి వేసవుల్లో ఈ పార్కు ఫలానా గంటలో రావాలనే ముందస్తు టికెట్లు పెట్టింది. వాటిలో 40 శాతం ముందు రోజు రాత్రి 7 గంటలకు విడుదల చేస్తూ వచ్చింది. అప్పటికప్పుడు బయలుదేరేవాళ్లకు ఆ 7 గంటలు ముఖ్యం. ఏ ఏటి నిబంధన ఆ ఏడు చూసుకోవాలి. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే మరో లెక్క కూడా ఉంది. 2026 జనవరి నుంచి అమెరికా నివాసులు కానివాళ్లకు, 16 ఏళ్లు నిండితే, ఈ పార్కుతో కలిపి పదకొండు పార్కుల్లో తలకు 100 డాలర్ల అదనపు రుసుము పెట్టారు. వాళ్ల వార్షిక పాస్ ధర 250 డాలర్లు, అది కొన్నవాళ్లకు ఈ 100 డాలర్లు ఉండవు. గేటు దగ్గరకు వెళ్లాక ఇది తెలిస్తే పెద్దవాళ్లు తమవల్లే ఖర్చయిందని నొచ్చుకుంటారు. ఇంట్లోనే మాట్లాడుకుని, కట్టుకుని బయలుదేరడం మంచిది.

ఇక బండి. అద్దెకు ఎక్కువగా దొరికేది క్లాస్ సి రకం. ట్రక్కు చట్రం మీద ఇల్లు కట్టినట్టుండి, డ్రైవరు తల పైన ఒక పడక ఉంటుంది. పొడవు సుమారు 25 నుంచి 30 అడుగులు. మామూలు డ్రైవింగ్ లైసెన్సు చాలు. ప్రకటనలో ఆరుగురు పడుకోవచ్చని రాస్తారు. అడగవలసింది ఎందరు పడుకోవచ్చని కాదు, సీటు బెల్టులు ఎన్నని, వాటిలో ముందుకు తిరిగి ఉన్నవెన్నని. పక్కకు తిరిగిన సీట్లో పిల్లల కారు సీటు కట్టకూడదు. బండి కదులుతుండగా వెనక పడక మీద ఎవరూ పడుకోకూడదు, టీ పెట్టడానికి ఎవరూ లేవకూడదు. అద్దె రోజుకింత అని చెప్పినా మైళ్లకు వేరుగా, జనరేటరు గంటలకు వేరుగా వేస్తారు. బండి గ్యాలను పెట్రోలుకు 8 నుంచి 10 మైళ్లకు మించి ఇవ్వదు. సొంత కారు ఇన్సూరెన్సు అద్దె ఆర్వీకి వర్తించకపోవచ్చు, ఆ కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోవాలి.

కొండ దారిలో పొడవే చాలా సంగతులు తేలుస్తుంది. ఈ పార్కులోనే కంకర వేసిన ఓల్డ్ ఫాల్ రివర్ రోడ్డు మీదికి 25 అడుగులు దాటిన బండిని రానివ్వరు. ఆస్పెన్ వైపు ఇండిపెండెన్స్ పాస్ మీద 35 అడుగులు హద్దు. మోంటానాలోని గోయింగ్ టు ద సన్ రోడ్డు పై భాగంలో 21 అడుగులు మించితే కుదరదు. ఎస్టెస్ పార్క్ నుంచి గ్రాండ్ లేక్ దాకా వెళ్లే 48 మైళ్ల ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మీద మాత్రం ఆర్వీ వెళ్లవచ్చు. అది 12,183 అడుగుల వరకు ఎక్కుతుంది, అందులో 11 మైళ్లు చెట్టన్నది మొలవని ఎత్తులో సాగుతుంది. తిరుమల, శ్రీశైలం ఘాట్లలో కారు నడిపిన చేతికి మలుపులు కొత్త కాదు, బరువు కొత్త. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. దిగుడు మొదలయ్యే ముందే తక్కువ గేరులోకి మార్చి, ఇంజనే బండిని ఆపుతుండగా, బ్రేకు గట్టిగా ఒకసారి తొక్కి వదిలేయాలి. వెనక కార్లు చేరితే పక్కకు తీసి దారివ్వాలి. బండి ఎత్తు ఎన్ని అడుగులో ఒక కాగితం మీద రాసి స్టీరింగు దగ్గర అంటించుకోవాలి. పెట్రోలు బంకు కప్పులు, తినుబండారాల దుకాణాల చూరులు ఈ బండ్లకు ఎప్పుడూ గండమే.

ఎత్తు మనుషుల మీదా పని చేస్తుంది. డెన్వర్ 5,280 అడుగులు, ఎస్టెస్ పార్క్ 7,522, కొండ మీది ఆల్పైన్ విజిటర్ సెంటర్ 11,796. ఊరి నుంచి ఈ మధ్యే వచ్చిన పెద్దవాళ్లను ఒక్క రోజులో పైకి తీసుకెళ్లడం పొరపాటు. ఒకటి రెండు రాత్రులు ఎస్టెస్ పార్క్ ఎత్తులో ఉండి, నీళ్లు బాగా తాగి, ఆ తర్వాత పైకి వెళ్లాలి. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం, మెట్టెక్కితే ఆయాసం కనబడితే చూసొద్దామని మొండికేయకుండా కిందికి దిగాలి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు బయలుదేరే ముందే డాక్టరును అడగాలి. మందుల సంచి బండి వెనక అరలో కాకుండా చేతికందే చోట ఉండాలి.

కొండ ఎత్తు ఎక్కువగా తెలిసేది వంటలోనే. ఎస్టెస్ పార్క్ ఎత్తులో నీళ్లు సుమారు 92 డిగ్రీలకే మరిగిపోతాయి. గిన్నెలో కందిపప్పు చాలాసేపు మరిగినా పలుకు తగులుతూనే ఉంటుంది, అన్నం పైన ఉడికి లోపల బిరుసుగా మిగులుతుంది. తెలుగింటి మూడు లీటర్ల కుక్కరు ఇక్కడ ప్రాణం నిలుపుతుంది. దానికీ ఇంట్లో కంటే ఒకటి రెండు కూతలు ఎక్కువ కావాలి. పప్పు గంట ముందు నానబెట్టుకుంటే గ్యాసు మిగులుతుంది. రాత్రి చలికి పెరుగు తోడుకోదు, పిండి పులవదు, అందుకని రెండూ సిద్ధం చేసినవే ఇంటి నుంచి తెచ్చుకోవాలి. పులిహోర, చపాతీలు, గోంగూర పచ్చడి, కారప్పొడి మొదటి రోజుకు చాలు. ఆర్వీలో తాలింపు పెట్టేటప్పుడు పైన ఫ్యాను వేసి, కిటికీ తెరవాలి. ఎండుమిరప ఘాటుకు, పొగకు అలారం మోగుతుంది, కానీ ఆ అలారాన్ని తీసి పక్కన పెట్టకూడదు. మూసిన బండిలో గ్యాసు పొయ్యి వెచ్చదనం కోసం వెలిగించడం ప్రాణాంతకం. వండిన గిన్నెలు, చెత్త సంచీ బయట బల్ల మీద వదలకూడదు. ఎలుగుబంట్లు వాసన పట్టి వస్తాయి, ఒకసారి మనుషుల తిండికి అలవాటు పడిన ఎలుగును చివరకు చంపాల్సి వస్తుంది.

కరెంటుకూ నీళ్లకూ లెక్కుంది. కరెంటు వసతి ఉన్న క్యాంప్‌గ్రౌండులో 30 ఆంపియర్ల ప్లగ్గు 3,600 వాట్లు ఇస్తుంది. ఏసీ, మైక్రోవేవ్, ఎలక్ట్రిక్ కుక్కరు ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. జనరేటరు శక్తి ప్రతి వెయ్యి అడుగులకు మూడు శాతం పైచిలుకు తగ్గుతుంది, పైగా పార్కులో దాన్ని కొన్ని గంటలే నడపనిస్తారు. మంచినీళ్ల ట్యాంకు 30 నుంచి 40 గ్యాలన్లు. ఆరుగురు అలవాటుగా నీళ్లు వాడితే రెండో రోజుకే అడుగంటుతుంది. గిన్నెలు కడిగిన నీళ్లు ఒక ట్యాంకులోకి, మరుగుదొడ్డివి మరో ట్యాంకులోకి చేరతాయి. డంప్ స్టేషన్‌లో చేతి తొడుగులు వేసుకుని, గొట్టం బిగించి, మరుగుదొడ్డి ట్యాంకు ముందు వదలాలి, తర్వాత గిన్నెల నీళ్లది. ఆ నీళ్లే గొట్టాన్ని కడుగుతాయి. చెంబుతో నీళ్లు వాడే అలవాటు మరుగుదొడ్డి ట్యాంకుకు మంచిదే, ఎందుకంటే ఎండిపోతే అది మూసుకుపోతుంది. క్యాంప్‌గ్రౌండులో స్నానాల గది ఉండి, దాన్ని వాడుకుంటే ఒక రోజు అదనంగా గడుస్తుంది.

దొరికితే నాలుగు రోజులకు ఒకే మకాం, ఒకే పెద్ద ప్రయాణం చాలు. ఆర్వీని కదిలించాలంటే ప్రతిసారీ నీళ్ల గొట్టం, కరెంటు తీగ విప్పి, అరలు మూసి, చక్రాల కింది దిమ్మలు తీయాలి. కాబట్టి పొద్దున పార్కులోని బేర్ లేక్ సరస్సు దగ్గర నడకకు బండి వదిలి షటిల్ బస్సు ఎక్కాలి. ఆ బస్సెక్కే పార్క్ అండ్ రైడ్ గ్లేసియర్ బేసిన్ క్యాంప్‌గ్రౌండుకు ఎదురుగానే ఉంది. మూడో రోజు తెల్లవారుజామున బయలుదేరి ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు ఎక్కాలి. జూలై మధ్యాహ్నాల్లో ఉరుములు, పిడుగులు మామూలు, మధ్యాహ్నానికి ముందే చెట్ల హద్దు కిందికి దిగి రావాలి. రాత్రి చలికి స్వెటర్లు, ఒక్కొక్కరికి రెండేసి దుప్పట్లు కావాలి.

బయలుదేరడానికి రెండు రోజుల ముందు వరకూ మకాం దొరక్కపోతే బండి అద్దెకు తీసుకోవద్దు. ఏదో ఒక చోట నిలుపుకుందామని పెద్దవాళ్లతో, పిల్లలతో చీకట్లో కొండల్లో తిరగడం వద్దు. ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మామూలుగా అక్టోబరు మధ్య వరకూ తెరిచే ఉంటుంది. బడులు తెరిచాక సెప్టెంబరులో, వారం మధ్యలో, ఈ చోట్లు కాస్త తేలికగా దొరుకుతాయి, నెలాఖరుకు ఆస్పెన్ చెట్లు పసుపు తిరిగి ఉంటాయి.